భద్రాద్రి నుంచి తిరుగుదారి

మొన్న ఖమ్మంలో వైరా రోడ్డు మీద ఆటో ఆగితే, పక్కనే జామాయిల్ దుంగల లారీ ఒకటి వచ్చి నిలబడింది. సారపాక కాగితం మిల్లుకు పోతున్న లోడు కాబోలు. చెట్లు కొట్టి ఎక్కువ సేపు కాలేదేమో, పచ్చి బెరడు వాసన, నలిగిన ఆకు వాసన, కొంచెం జలుబు మందు ఘాటు కలిసి ఆటో నిండా పరుచుకున్నాయి. డ్రైవరు ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం కాస్త ముందుకు వంగి ఊపిరి నిండా పీల్చుకున్నాను. ఆ వాసనతోపాటే ఒక చలికాలపు పొద్దు, మంచుకు తడిసిన ఎర్రమట్టి బాట, నా ముందు చంకకు గుడ్డసంచి తగిలించుకుని వెనక్కి చూడకుండా నడిచిపోతున్న ఒక పొట్టి మనిషి వీపు కళ్ళ ముందుకొచ్చాయి. ఆమె జోగమ్మ మేడమ్. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పేపర్లో ఫొటో పడే పని ఏదీ ఆమె చేయలేదు. కానీ నేను ఈ రోజు ఎలా మాట్లాడుతున్నానో, ఎవరి ఇంటి ముందు ఎలా నిలబడుతున్నానో, అందులో సగం ఆమె దగ్గర నేర్చుకున్నదే.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. టీచరు ఉద్యోగం వచ్చి, సారపాక దాటి అడవిలోకి వెళ్ళే దారిలో ఒక ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో చేరాను. మాది బోనకల్ దగ్గర పల్లె. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న కుటుంబం. అడవి అంటే నాకు బస్సు కిటికీలోంచి కనిపించే పచ్చదనం, అంతే. జోగమ్మ మేడమ్ అక్కడ హెడ్మిస్ట్రెస్. కోయ మనిషి. ఆ అడవిలోని పల్లెలోనే పుట్టి, హాస్టళ్ళలో చదువుకుని, మళ్ళీ ఆ పిల్లల దగ్గరికే వచ్చింది. అప్పటికి యాభైకి దగ్గర పడుతోంది. మనిషి పొట్టి, నవ్వు పెద్దది, చూపు మాత్రం ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టుండేది.

చేరిన రోజు నా కాగితాలు చూస్తూ, "ఏ ఊరమ్మా?" అంది. బోనకల్ దగ్గర అన్నాను. కాగితాలు పక్కన పెట్టేసింది.

"బోనకల్లా? మీ ఊళ్ళె తాగే నీళ్ళు యాడికెల్లి వస్తయ్?"

"కాలువ నుంచి మేడమ్."

"కాలువలకు?"

"సాగర్ నుంచి."

"సాగర్ కాన్నుంచి మీ ఊరి దాకా ఆ కాలువ ఎంబడి ఎప్పుడన్న నడిచినవా?"

లేదన్నాను. నన్ను పరీక్షిస్తోందేమో, తప్పానేమో అనుకున్నాను. ఆమె ముఖంలో మాత్రం ఆ జాడే లేదు. "నాకూ తెల్వదు, అందుకే అడిగిన. ఎప్పుడన్న చూస్తే చెప్పు," అని మళ్ళీ కాగితాలు అందుకుంది.

ఆమె పద్ధతే అది. పిల్లలనూ అలాగే అడిగేది. తెల్లారేసరికి జవాబు అప్పజెప్పమనేది కాదు. సెలవులకు ఇంటికి పోయే పిల్ల చేతిలో ఒక ప్రశ్న పెట్టి పంపేది. మీ నాయనమ్మ చిన్నప్పుడు ఉప్పు ఎక్కడ కొనేటోళ్ళు? మీ ఊరికి ఆ పేరు ఎవరు పెట్టిన్రు? వానాకాలం మీ గుట్ట మీద ఫస్టు చిగురేసే చెట్టు ఏది? సెలవులయ్యాక పిల్లలు ట్రంకు పెట్టెలు దించీ దించకముందే ఆమె గదికి పరిగెత్తేవారు. ఒక్కొక్క పిల్ల చెప్పేది ఆమె కుర్చీలో ముందుకు జరిగి వినేది. అధికారులు వచ్చి మాట్లాడినప్పుడు కూడా ఆమె అంత శ్రద్ధగా వినగా నేను చూడలేదు. మొదట్లో నాకిది వింతగా ఉండేది. సిలబస్ కాని దానికి ఇంత హడావుడి ఏమిటా అనుకునేదాన్ని.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం ముసురు పట్టి, కరెంటు పోయి, ఇద్దరం వరండాలో కూర్చున్నాం. పిల్లలు లోపల పద్యాలు బట్టీ పడుతున్నారు. ఉన్నట్టుండి ఆమె, "సుజాతా, చలికాలం రానియ్యి, మనం బోనకల్ దాకా నడుద్దామా?" అంది.

నేను నవ్వాను. "మేడమ్, అటువాళ్ళు ఇటు భద్రాచలం నడిచి వస్తారు గానీ, ఇటునుంచి అటు ఎవరు నడుస్తారు?"

"అటుకెల్లి నడిచి వచ్చినోళ్ళు తిరిగి ఎట్ల పోయేటోళ్ళు? బస్సులు లేనప్పుడు?"

నిజమే, నడిచే పోయి ఉంటారు. మా ఇంట్లో కూడా ముత్తాత భద్రాద్రికి నడిచి వెళ్ళిన కథ చెప్పుకునేవారు. కథ గుడి దగ్గరే అయిపోయేది. ఆయన ఇంటికి ఎలా వచ్చాడో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

"ఆ సగం యాత్ర ఎవ్వలూ చెప్పరు," అంది జోగమ్మ మేడమ్. "మా ఊరు ఆ బాట మీదనే ఉండె. వాళ్ళు వచ్చుడూ చూసిన, పోవుడూ చూసిన." ఆ సాయంత్రమే రత్తమ్మ సంగతి చెప్పింది.

శ్రీరామనవమికి జనం విరగబడి నడుస్తారు, అది అందరికీ తెలుసు. కానీ చలికాలంలో, వరికోతలు అయిపోయి మిరపకాయ కోతలు ఇంకా మొదలుకాని ఆ సందులో, బోనకల్ వైపు నుంచి అయిదారుగురు ఆడవాళ్ళు ప్రతి ఏడూ అడవిబాటన వచ్చేవారట. పోయేటప్పుడొక రాత్రి, వచ్చేటప్పుడొక రాత్రి జోగమ్మ వాళ్ళ పంచలో పడుకునేవారు. వాళ్ళలో రత్తమ్మ అనే ఆమె, అప్పటికి పలక కూడా చూడని ఈ కోయపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఎదురుగా ఉన్న గుట్టను చూపించి, "దాని అవతల ఏముందే?" అని అడిగింది. పిల్లకు తెలియదు. "అక్కడే పుట్టి అదేం తెలవకపోవటమే! చూసి పెట్టు, మళ్ళీ ఏడు వచ్చినప్పుడు చెబుదువు," అందట ఆమె. పిల్ల ఏడాదంతా ఆ మాట పట్టుకుని, తండ్రి వెంటపడి గుట్ట ఎక్కింది. మరుసటి చలికాలం రత్తమ్మ రాగానే ఎదురెళ్ళి, "అవతల ఇంకో గుట్టుంది!" అని అరిచింది. రత్తమ్మ పొట్ట చేత్తో పట్టుకుని నవ్విందట. ఆ ఏడు ఇంకో ప్రశ్న. ఆ తరువాతి ఏడు, ఇంటి ముందు పారే వాగు చూపించి, "ఇది ఎక్కడ పుడుతుందో చూసి పెట్టవే," అని చెప్పి వెళ్ళింది.

"నేను చూసిన, సుజాతా. మా మామను బతిమాలి, వాగు ఎంబడి ఎగువకు పోయి, పుట్టే జాగా చూసిన. చలికాలం ఎప్పుడొస్తదా అని కూసున్న. వాళ్ళు రాలే. అదే సాలు గోదారి మీద వంతెన పడ్డది, బస్సులు తిరుగుడు మొదలయ్యింది. ఇంక ఆ బాటన ఎవ్వలూ రాలే. ఆ జవాబు గట్లనే నా దగ్గర మిగిలింది."

ఆ మాట ఆమె బాధగా అనలేదు. కానీ నలభై ఏళ్ళుగా ఆ జవాబును దాచుకునే ఉంది. రత్తమ్మది ఏ ఊరని అడిగాను. రత్తమ్మ ఊరి పేరు ఆమెకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. తమ ఇంటి వెనకే రైలు పోతుందనీ, పోయినప్పుడల్లా ఉట్టి మీద కుండలు గలగలమంటాయనీ రత్తమ్మ చెప్పేదట. బోనకల్ చుట్టుపక్కల పట్టాలను ఆనుకుని ఉన్న పల్లెలు ఎన్నో లేవు. "ఉంటదో, పోయిందో. ఆమె ఊరన్న చూడాలె," అంది. నేను వస్తానని అప్పుడే అనేశాను.

ఆ రోజు నుంచి చలికాలం దాకా మా ప్లాను నడిచింది. అసలు నడక కంటే ఆ నెలలే నాకు ఎక్కువ గుర్తు. స్టాఫ్ రూములో గోడకు జిల్లా మ్యాపు ఉండేది. అందులో తారురోడ్లు ఎర్రగా, రైలుపట్టాలు నల్లగా ఉన్నాయి. పాతబాట లేదు. జోగమ్మ మేడమ్ దానికి ఒక ఉపాయం ఆలోచించింది. ఆదివారాలు పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులు వచ్చేవారు. పిల్లకు తెచ్చిన తినుబండారాలు ఇచ్చాక, వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి అడిగేది. "మీ ఊరి దగ్గర పాత భద్రాద్రి బాట ఎటు పోయేది?" మొదట్లో వాళ్ళు మొహాలు చూసుకునేవారు. తరవాత ఒక ముసలాయన చింతచెట్ల వరస చూపిస్తానన్నాడు. ఒకామె, కిన్నెరసాని దాటే చోటు అది కాదు, ఇంకా దిగువన అని ఆయనతో వాదనకు దిగింది. ఇద్దరూ కోయభాషలో గట్టిగా అరుచుకుంటుంటే, మేడమ్ మధ్యలో కూర్చుని సంబరంగా అటూ ఇటూ చూసేది. మరో వారం ఇంకొకరు వచ్చి, వాళ్ళిద్దరిదీ తప్పేనని తేల్చేవారు. ఎవరికీ దారి మొత్తం తెలియదు. ఎవరి ఊరి ముక్క వాళ్ళకు తెలుసు. ఆ ముక్కలన్నీ అతికించుకుంటూ పోతే పాల్వంచ, కొత్తగూడెం అంచుల మీదుగా జూలూరుపాడు, ఏన్కూరు, తల్లాడ, వైరా, అక్కడి నుంచి బోనకల్ అని తేలింది. ఆదివారం తరవాత ఆదివారం, మా బడికి వచ్చే తల్లిదండ్రుల సంఖ్య పెరిగింది. పిల్లల కోసం వచ్చేవాళ్ళు ఎవరో, బాట సంగతి తేల్చడానికి వచ్చేవాళ్ళు ఎవరో తెలియకుండా పోయింది.

నేను నా తరహాలో సామాను ఆలోచించాను. అటుకులు, బిస్కెట్లు, పచ్చడి సీసా, చిన్న స్టవ్వు. మేడమ్ చూసి అన్నీ పక్కకు నెట్టేసింది.

"దుప్పటి చాలు. తిండి వద్దు."

"దారిలో దొరక్కపోతే మేడమ్?"

"తిండి మోసుకపోతే ఎవ్వల్నీ అడగం. అడగకుంటే మనతోని ఎవ్వలు మాట్లాడతరు? ఆకలితోనే పోవాలె, సుజాతా."

ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోను చేసి చెబితే మా అమ్మ గుండె బాదుకున్నంత పని చేసింది. "ఇద్దరాడాళ్ళు అడవిలో నడుస్తారా? పోలీసోళ్ళు ఒకపక్క, అన్నలు ఒకపక్క. బస్సెక్కి రావే, నీకు పుణ్యముంటుంది," అంది. పోలీసులకూ నక్సలైట్లకూ నడుమ నలిగిన ఆ రోజుల్లో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. సంచులు వేసుకుని అడవిలో నడిచేవాళ్ళను ఎవరైనా అనుమానంగానే చూసేవారు. మేడమ్ కూడా దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. బాట పక్కనున్న ఊళ్ళకు పిల్లల తల్లిదండ్రుల ద్వారా ముందే కబురు పంపించింది. పొద్దు గూకాక నడవకూడదనీ, అడ్డదారులు తొక్కకూడదనీ, ఎవరడిగినా ఉన్నమాటే చెప్పాలనీ నియమం పెట్టింది.

అర్ధసంవత్సరం పరీక్షలు అయ్యాక సెలవు పెట్టి బయల్దేరాం. భద్రాచలంలో గోదావరి దగ్గరికి దిగి, చల్లటి నీళ్ళు ముఖాన కొట్టుకుని, వంతెన మీదుగా ఇవతలికి నడవడం మొదలుపెట్టాం. గుడికి వెళ్దామా అని అడిగాను. "నువ్వు పోయి రా, నేను ఈడ కూసుంట. మాకు మా వేల్పులున్నరు. రాముడితోని నాకు తగాదా ఏం లేదు గానీ, ఆయన్ను చూడనీకె వచ్చినోళ్ళనే నేను చూడాలె," అంది. నేను దణ్ణం పెట్టుకుని వచ్చేసరికి, ఒడ్డున బట్టలు పిండుకుంటున్న ఒకామెను ఏ ఊరని అడుగుతూ కనిపించింది.

సారపాక దాటాక జామాయిల్ తోటల మధ్య బాట మొదలయింది. పొద్దున్నే మంచు ఆకుల మీంచి చినుకుల్లా రాలుతుంటే, ఆ ఘాటు వాసన గొంతుదాకా దిగేది. ఆ సాయంత్రానికి ఆమె పుట్టిన ఊరు చేరాం. ఆమె అన్న ఇల్లు. ఆయన మా ప్రయాణం సంగతి అంతా విన్నాడు. నెగడు దగ్గర కూర్చున్నాక, నాకు కూడా అర్థం కావాలనేమో తెలుగులోనే అన్నాడు.

"చెల్లె, వాళ్ళు మన పంచల పండుకున్నరు, నిజమే. మన చేతి నీళ్ళు తాగిన్రా? వాళ్ళ కుండలు వాళ్ళు తెచ్చుకున్నరు, వాళ్ళ పొయ్యి వాళ్ళు పెట్టుకున్నరు. నువ్వు ఆళ్ళ ఇంటికి పోతే నిన్ను లోపటికి రమ్మంటరా? ఆ ముసలామెకు నువ్వు యాదుంటవా?"

నేను తల ఎత్తలేకపోయాను. ఆయన మాట మా వాళ్ళ గురించే. జోగమ్మ మేడమ్ కట్టెతో నిప్పులు సర్దుతూ కూర్చుంది.

"అవ్ అన్నా. ఆమె గూడ తాగలే. నేను చూసిన. కానీ ఆమె నన్ను అడిగింది. అప్పటిదాక నన్ను ఎవ్వలూ ఏమీ అడగలే. గంజి తాగినవా అనుడు, నోరు మూసుకో అనుడు, గంతే. యాదుంటనో లేదో పోతెనే గదా తెలిసేది."

పొద్దున్నే అన్న కిన్నెరసాని దాటేదాకా మా వెంట వచ్చి, మా సంచులు తన నెత్తిన పెట్టుకుని నీళ్ళు దాటించి వెళ్ళాడు.

ఆ తరవాతి రోజులన్నీ నాకు విడివిడిగా గుర్తులేవు. గుర్తున్నది మనుషులు మమ్మల్ని ఆపి దారి చెప్పడం. చలికాలంలో ఇద్దరాడవాళ్ళు సంచులతో నడుస్తున్నారంటే భద్రాద్రికే అనుకునేవారు. "అమ్మా, తప్పు పోతున్నరు, భద్రాచలం అటు!" అని పొలాల్లోంచి కేకలు. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర గార్డు ఆపి, సంచులు విప్పించి, దుప్పట్లు తప్ప ఏమీ లేకపోవడం చూసి మరింత అనుమానపడ్డాడు. మేడమ్ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. చిన్నప్పుడు వాగు ఎక్కడ పుడుతుందో చూసి పెట్టమన్న ఒకామె ఊరు చూడటానికి పోతున్నాం, ఊరి పేరు తెలియదు, ఇంటి వెనక రైలు పోతుంది. అతను కుర్చీ తెచ్చి వేసి, టీ తెప్పించి, "ఇంతకీ ఆ వాగు ఎక్కడ పుట్టింది మేడమ్?" అని అడిగాడు. "ఆమెకే ఫస్టు చెప్పాలె తమ్మీ," అంది మేడమ్. జూలూరుపాడు దగ్గర నిజంగానే భద్రాద్రికి నడిచిపోతున్న నలుగురు ఎదురయ్యారు. వాళ్ళలో పెద్దాయన చేతులు జోడించి, "దర్శనం బాగా అయిందా తల్లీ?" అన్నాడు. "ఇంకా కాలే. మీ ఊర్ల దర్శనానికే పోతున్నం," అంది ఆమె. ఆయనకు అర్థమయిందో లేదో గానీ, నవ్వుతూ తన ఊరి పేరు చెప్పి, "మా ఇంట్లో అన్నం తిని పోండి, నేను చెప్పానని చెప్పండి," అన్నాడు. మేం వెళ్ళాం కూడా. వాళ్ళ కోడలు వేడివేడిగా జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు పెట్టింది. స్టవ్వు తీసుకొచ్చి ఉంటే ఆ రొట్టె తిని ఉండేవాళ్ళం కాదు.

తల్లాడ దాటాక అడవి పూర్తిగా వెనకబడింది. రెండు పక్కలా మిరపతోటలు, పత్తి చేలు, నిండుగా పారే కాలువ. నాకు ఇంటిగాలి తగిలినట్టయింది. మేడమ్ మాత్రం కాలువ గట్టు మీద నిలబడిపోయింది. ఎటు చూసినా చదునే. దూరంగా ఒక ఊరి నీళ్ళట్యాంకు, ఇంకా దూరంగా మరొకటి.

"ఏంది మేడమ్?"

"ఇంత దూరం కనపడతదా మీకు!" అంది. చుట్టూ ఇంకోసారి చూసి, "గిట్లాంటి కాడ పుట్టింది గనకనే ఆమెకు ఆ గుట్ట అవతల ఏముందని పట్టింది. మాకు అన్నీ అడ్డమే, గందుకే మేం అడగకపోదుము. ఆమెకు ఏదీ అడ్డం లేదు. అడ్డం కనపడంగనే అడిగింది," అంది. అక్కడే పుట్టి పెరిగిన నాకు మా నేల ఇలా ఉంటుందని తట్టనే లేదు. ఆ రోజు ఆ గట్టు మీద మా ఊళ్ళను నేను మొదటిసారి చూశాను.

మా ఇంటికి తరవాత పోదామనుకుని, ముందు బోనకల్ దగ్గర పట్టాల పక్క పల్లెల్లో వెతుకులాట మొదలుపెట్టాం. మొదటి ఊళ్ళో రత్తమ్మలు చాలామంది. భద్రాద్రికి నడిచిన రత్తమ్మ ఎవరో ఎవరికీ తెలియలేదు. రెండో ఊళ్ళో చావడి దగ్గర ఎండకు కూర్చున్న ఒక ముసలాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని, "అడివి రత్తమ్మా?" అన్నాడు. "ఆమె పోయి చానా ఏళ్ళయింది. కూతురుంది. ఆ చివరిల్లు."

పోయిందన్న మాట వినగానే జోగమ్మ మేడమ్ సంచి మళ్ళీ చంకకు తగిలించుకుంది. "సరే, ఊరన్న చూసినం గదా. ఇంక పోదామా?" అంది. కూతురి ఇంటిదాకా వచ్చి వెనక్కి పోతాననడం నాకు నమ్మశక్యం కాలేదు. నెగడు దగ్గర వాళ్ళన్న అన్న మాట ఆమె మనసులో ఎక్కడో ఉండే ఉంటుంది. నిన్ను లోపటికి రమ్మంటరా అని ఆయన అడిగిన మాట. ఆమె చెయ్యి పట్టుకుని ఆ చివరింటి వైపు నడిచాను.

రత్తమ్మ కూతురు వెంకాయమ్మ. అరవై దాటిన మనిషి. వాకిట్లో నులకమంచం మీద కూర్చుని కందికాయలు ఒలుస్తోంది. ఏ ఊరు, ఎవరు కావాలి అంది. నేనే చెప్పాను. ఈవిడ భద్రాచలం అడవిలో కోయపల్లె మనిషి, చిన్నప్పుడు మీ అమ్మగారు వాళ్ళ పంచలో బస చేసేవారు అని. వెంకాయమ్మ ఒలవడం ఆపింది. మేడమ్‌ను కిందనుంచి పైదాకా చూసింది.

"గుట్టెక్కిన పిల్లవా? అవతల ఇంకో గుట్టుందని చెప్పింది, ఆ జోగివా నువ్వు?"

మేడమ్ తల ఊపింది.

వెంకాయమ్మ ఒళ్ళోని కందికాయలు నేల మీద రాలిపోతుండగా లేచి వచ్చేసింది. "ఓసి నా తల్లో! మా అమ్మ భద్రాద్రి పోయొచ్చిందంటే ఈ ఊరోళ్ళంతా ఇక్కడే కూర్చునేవాళ్ళమ్మా. రాముడి సంగతి ఒక ముక్క, నీ సంగతి నాలుగు ముక్కలు. జోగి ఏం చెప్పింది, జోగి ఎంత పొడుగయింది. మా పిల్లలు మొండికేస్తే, ఆ అడివిపిల్లను చూసి నేర్చుకోండి అనేది!"

"మరి ఆ మళ్ళేడు రాలేదు..." అంది మేడమ్. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"ఎట్టా వస్తది? ఆ ఏడే పక్షవాతం వచ్చి పడింది. మంచంలోనే చానాకాలం ఉంది. చలికాలం వచ్చిందంటే చాలు, ఆ పిల్ల చూసే ఉంటది, నా కోసం చూస్తా ఉంటది అని ఒకటే గోల. మాట సరిగా రాదు, అయినా అదే మాట. వాగు సంగతేదో అడిగిందట గదా నిన్ను?"

అప్పుడు జోగమ్మ మేడమ్ చెప్పింది. వాకిట్లో నిలబడే చెప్పింది. వాగు వెంట ఎగువకు పోతే రెండు గుట్టల నడుమ ఒక పెద్ద ఏరుమద్ది చెట్టుందనీ, దాని వేళ్ళు ఒక బండను కౌగిలించుకుని ఉన్నాయనీ, ఆ బండ కింద వేలంత సందులోంచి నీళ్ళు చప్పుడు లేకుండా వస్తాయనీ, దోసిలి పడితే నిండడానికి కాసేపు ఆగాలనీ, ఇంటి ముందు అంత పారే వాగు అక్కడ ఒక పిట్ట తాగేంతే ఉందనీ. పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు. వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. మేడమ్ చెప్పడం అయిపోయాక, లోపల తలుపు పక్కన గోడకున్న ఒక పాత ఫొటో వైపు తిరిగి, "విన్నావటే అమ్మా?" అంది. మేడమ్ భుజం పట్టుకుని లోపలికి నడిపించింది. ఇద్దరికీ పీటలు వేసింది. కంచాలు పెట్టింది. తనూ మాతోపాటే కూర్చుంది. ముగ్గురం తిన్నాం. మధ్యలో ఇంటి వెనక నుంచి రైలు పోయింది. ఉట్టి ఎప్పుడో తీసేశారు గానీ, అలమరలో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. మేడమ్ తినడం ఆపి అది వింది.

భోజనాలయ్యాక వెంకాయమ్మ అంది. "ఆ బండ కింద నీళ్ళు ఎండాకాలం కూడా వస్తాయా జోగీ?"

మేడమ్ ఆలోచించింది. "తెల్వదక్కా. నేను చూసింది వానలయినంక. ఎండాకాలం పోయి చూసి చెప్తా."

మరుసటి మే నెలలో నేనూ ఆమె వెంట వెళ్ళాను. మద్దిచెట్టు ఉంది. బండ కింద పైకి తడి మాత్రమే ఉంది. మేడమ్ చేత్తో మట్టి తోడి, పక్కన కూర్చుంది. ఎండలో చాలాసేపు కూర్చున్నాం. నెమ్మదిగా నీళ్ళు ఊరాయి. సారపాక వచ్చి బూత్‌లోంచి వెంకాయమ్మ పక్కింటి నంబరుకు ఫోను చేసి, "వస్తయక్కా, కానీ మనం ఆగాలె," అని అరిచి చెప్పింది. ఆ ఇద్దరి మధ్య రాకపోకలు జోగమ్మ మేడమ్ రిటైరైన తరవాత కూడా సాగాయి. కొన్నేళ్ళ కిందట మేడమ్ పోయినప్పుడు, నడవలేని స్థితిలో ఉన్న వెంకాయమ్మ మనవడి కారులో అడవిదాకా వచ్చింది. కోయవాళ్ళ పద్ధతిలో డోలు కొడుతూ సాగనంపుతుంటే, ఒక రాయి మీద కూర్చుని చివరిదాకా చూసింది.

నేనిప్పుడు ఖమ్మంలో హెడ్మిస్ట్రెస్‌ను. మా బడికి దూరం పల్లెల నుంచి పిల్లలు వస్తారు. కారేపల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళే చాలామంది. మేడమ్ నాకు అప్పగించి వెళ్ళిన పని ఏమీ లేదు. కానీ నా దగ్గరికి ఎవరైనా వచ్చారంటే, వాళ్ళు ఎటునుంచి వచ్చారో ఒకసారి అటు వెళ్ళి చూడకుండా ఉండలేను. మన గుమ్మం దాకా వచ్చిన మనిషి నడకలో మనకు కనిపించేది ఆఖరి నాలుగడుగులే. చలికాలం వచ్చిందంటే, కొత్తగా చేరిన పిల్లల్లో ఎవరి ఊరికో ఒకరి ఊరికి, ఆ పిల్ల వచ్చే దారినే నడిచి వెళతాను.

పోయినేడు అలాగే ఒక తండాకు వెళ్ళాను. బస్సు దిగి, పత్తి చేల మధ్య నుంచి, ఒక చిన్న చెరువు కట్ట మీదుగా నడక. ఇంటి ముందు మంచం మీద కూర్చున్న ఆ పిల్ల నాయనమ్మ నన్ను చూసి కంగారుపడి లేచింది.

"ఏం తప్పు చేసిందమ్మా మా పిల్ల?"

"ఏం చేయలేదమ్మా. రోజూ ఎటునుంచి వస్తోందో చూద్దామని వచ్చాను."

ఆమె నన్ను నమ్మలేనట్టు కాసేపు చూసింది. నేను వచ్చిన కట్ట వైపు చూసింది, దుమ్ము పట్టిన నా కాళ్ళ వైపు చూసింది. తరవాత మంచం మీద దుప్పటి సర్ది, ఒక పక్కకు జరిగి, చేత్తో తట్టి నాకు చోటు చూపించింది.